కలకత్తాలో పాతకాలపు కాక్‌టెయిల్ బార్లను వెదకడం ఎలా?

నవంబరులో భార్యతో కలిసి బరంపురం నుంచి నాలుగు రోజులు కలకత్తా వెళ్తున్నామని, పాత తెలుగు సినిమాల క్లబ్బు దృశ్యాలలో కనిపించే బార్లు, అంటే తగ్గించిన దీపాలు, నునుపైన చెక్క కౌంటరు, వేదిక మీద సంగీతం, సన్నని కాడ గల గ్లాసులు ఉన్న చోట్లు, అక్కడ ఎలా దొరుకుతాయో చెప్పమని మీరు అడిగారు. మీ భార్య మద్యం తీసుకోరని, అయినా ఆ వాతావరణం చూడాలని ఇద్దరికీ ఉందని రాశారు. ఫోనులో వెదికితే ప్రతి కొత్త బారూ తనను తాను ‘స్పీకీజీ’, అంటే రహస్యపు తలుపు వెనుక దాచిన బారు, అని చెప్పుకుంటోందని, అందులో దేనిని నమ్మాలో తెలియడం లేదని కూడా అన్నారు.

ముందుగా సూటిగా సమాధానం చెబుతాను. సంగీతంతో కూడిన పాత వాతావరణం కోసం ఒక సాయంత్రం పార్క్ స్ట్రీట్‌లోని ట్రింకాస్‌కు వెళ్ళండి. నిజంగా పాతబడిన బారు ఎలా ఉంటుందో చూడడానికి మరొక రోజు, చీకటి పడకముందే, గణేశ్ చంద్ర ఎవెన్యూలోని బ్రాడ్‌వే హోటల్ బారులో ఒక గంట కూర్చోండి. మంచి కాక్‌టెయిల్ తాగాలంటే మూడవ సాయంత్రాన్ని ఏదైనా పెద్ద పాత హోటల్ బారుకు కేటాయించండి. నాలుగవ రోజు కొత్తగా వెలిసిన పాత తరహా బారును ప్రయత్నించాలనుకుంటే, గోడలకు వేలాడదీసిన గ్రామఫోన్లను చూసి నిర్ణయించకండి. కౌంటరు మీద ఐసు ఎలా ఉంది, సీసాలు ఎక్కడ పెట్టారు, బార్‌మన్ చేతులు ఏం చేస్తున్నాయి అన్నవి చూసి నిర్ణయించండి. ఈ సమాధానంలో ఎక్కువ భాగం ఆ చూడడం గురించే ఉంటుంది, ఎందుకంటే నేను ఈరోజు ఇచ్చే కొత్త బార్ల పేర్లు రెండేళ్ళలో మూతపడవచ్చును కానీ, చూడడం తెలిస్తే మీకు ఏ నగరంలోనైనా పనికివస్తుంది.

నేను ఇరవై ఆరు సంవత్సరాలు కలకత్తా హోటళ్ళలో పనిచేశాను. గ్లాసులు తుడిచే పనితో మొదలుపెట్టి, బార్‌మన్‌గా, చివరి తొమ్మిదేళ్ళు బారు మొత్తాన్ని చూసే బాధ్యతలో ఉండి, ఇప్పుడు బరంపురం తిరిగివచ్చాను. ఆ అనుభవం నుంచే ఇది రాస్తున్నాను.

మీ ప్రశ్నలో రెండు వేరువేరు వస్తువులు కలిసిపోయాయి. వాటిని విడదీస్తే సగం అయోమయం తీరుతుంది. ఒకటి పాత బారు. మరొకటి పాత తరహా బారు. పాత బారు అంటే తెరిచిన నాటి నుంచి పెద్దగా మారకుండా నడుస్తున్నది. అందులో కుర్చీలు పాతవి, వడ్డించేవారు పాతవారు, కానీ కాక్‌టెయిల్ బాగుంటుందన్న హామీ లేదు. పాత తరహా బారు అంటే ఈ మధ్యనే డబ్బు పెట్టి 1920ల, 1930ల వాతావరణాన్ని తిరిగి కట్టినది. అందులో కాక్‌టెయిల్ చాలా బాగుండవచ్చును, లేదా వాతావరణం తప్ప మరేమీ లేకపోవచ్చును. మీరు వర్ణించిన సినిమా దృశ్యం మొదటి రకానికి దగ్గరగా ఉంది. మీకు ఫోనులో దొరుకుతున్నవి రెండవ రకానివి.

ఆ రెండవ రకం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకుంటే దానిని అంచనా వేయడం సులువు. 1806లో అమెరికాలోని ఒక పత్రిక కాక్‌టెయిల్ అనే మాటకు అర్థం చెబుతూ, ఏదో ఒక సారాయి, చక్కెర, నీరు, బిట్టర్స్ అనే చేదు మూలికల ద్రావకం కలిపిన పానీయం అని రాసింది. నేటి ఓల్డ్ ఫ్యాషన్డ్ ఇంచుమించు అదే. 1862లో జెర్రీ థామస్ అనే బార్‌మన్ ఈ వృత్తి మీద మొదటి చేతిపుస్తకాన్ని అచ్చు వేశాడు. ఆ తరువాత 1920 నుంచి 1933 వరకు అమెరికాలో మద్యనిషేధం అమలయింది. పనితనం గల బార్‌మన్లు కొందరు లండన్, పారిస్, హవానా నగరాలకు వలసపోయారు. అమెరికాలోనే ఉండిపోయినవారు తలుపు వెనుక, నేలమాళిగలో, పోలీసుల చెవిన పడకుండా మెల్లగా మాట్లాడుకుంటూ వ్యాపారం చేశారు. స్పీకీజీ అనే పేరు గొంతు తగ్గించి మాట్లాడడం నుంచి వచ్చిందే. ఇప్పుడు ప్రపంచమంతటా కనిపించే రహస్యపు తలుపుల బార్లకు దారి వేసింది 1999 చివరిరోజున న్యూయార్క్‌లో శాషా పెట్రాస్కీ తెరిచిన ఒక చిన్న బారు. బోర్డు లేదు, గొంతు పెంచి మాట్లాడకూడదన్న నియమం ఉంది, ప్రతి పానీయమూ కొలత ప్రకారం తయారయ్యేది. అనుకరించినవారిలో చాలామంది బోర్డు లేకపోవడాన్ని తీసుకున్నారు, కొలతను వదిలేశారు.

మన ప్రాంతం వారికి మద్యనిషేధమంటే ఏమిటో అమెరికా చరిత్ర చదివి తెలుసుకోవలసిన అవసరం లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం ఫలితంగా 1995 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997 వరకు సాగింది. ఇచ్ఛాపురం దాటితే ఒడిశా కనుక, ఆ రెండేళ్ళూ సరిహద్దుకు ఇటువైపున ఉన్న దుకాణాల ముందు అటునుంచి వచ్చినవారు ఎందరు నిలబడేవారో సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు స్వయంగా చూశాను. ఆ ఉద్యమం చేసిన స్త్రీల పట్ల నాకు గౌరవం ఉంది. ఈ వృత్తిలో బతికినవాడిగా మరింత ఉంది. ఇక్కడ చెప్పదలచుకున్నది ఇంతే: కలకత్తాలో అటువంటి నిషేధం ఏనాడూ లేదు. కాబట్టి అక్కడ పుస్తకాల బీరువా వెనుక దాచిన బారు ఆ నగరపు వారసత్వం కాదు, న్యూయార్క్ నుంచి తెచ్చుకున్న అభిరుచి. అది తప్పేమీ కాదు. కానీ కలకత్తా దాకా వెళ్ళి ఆ నగరానికి సొంతమైన దానిని చూడకుండా రావడం నాకు బాధ కలిగిస్తుంది.

కలకత్తాకు సొంతమైనది పార్క్ స్ట్రీట్. 1950లు, 60లలో ఆ వీధిలో మొకాంబో, ట్రింకాస్, బ్లూ ఫాక్స్, మూలాఁ రూజ్ వంటి చోట్ల రోజూ సాయంత్రం జాజ్ సంగీతం ఉండేది. పామ్ క్రేన్ పాడారు, 1960ల చివర ఉషా ఉతుప్ ట్రింకాస్‌లో చీర కట్టుకుని పాశ్చాత్య గీతాలు పాడి పేరు తెచ్చుకున్నారు, ఆ తరువాత లూయీ బ్యాంక్స్ పియానో వాయించారు. 1970లలో వినోదపు పన్ను భారం, నక్సలైటు కాలపు భయం, కరెంటు కోతలు ఒకదాని మీద ఒకటి వచ్చిపడి చాలా వేదికలు మూగబోయాయి. నేను అక్కడికి చేరేనాటికి సీనియర్ వెయిటర్లు ఆ రోజుల గురించి చెబుతుంటే వినడమే మిగిలింది. ట్రింకాస్ మాత్రం వేదికను వదలలేదు. 1959 నుంచి ఒకే కుటుంబం చేతిలో ఉన్న ఆ రెస్టారెంటులో ఇప్పటికీ బృందం పాడుతుంది. అక్కడ కుటుంబాలు భోజనానికి వస్తాయి కనుక మీ భార్యకు ఏ ఇబ్బందీ ఉండదు. కాక్‌టెయిల్ పనితనం కోసం అక్కడికి వెళ్ళకండి; ఒక జిన్, టానిక్ తీసుకుని, వేదికకు మరీ దగ్గర కాని బల్ల అడిగి, పాట వినండి.

బ్రాడ్‌వే హోటల్ 1937 నాటిది, చాందినీ చౌక్ మెట్రో స్టేషనుకు దగ్గర. ఎత్తైన పైకప్పు, వీధివైపు పెద్ద కిటికీలు, ఆఫీసు వదిలాక పత్రిక చదువుకుంటూ ఒక్క పెగ్గుతో గంటసేపు కూర్చునే మనుషులు ఉంటారు. అక్కడ కాక్‌టెయిల్ అడగకండి. రమ్ము, నీళ్ళు, లేదా బీరు అడగండి. సాయంత్రపు వెలుతురు ఆ కిటికీల నుంచి పడేటప్పుడు ఆ గది చాలా అందంగా ఉంటుంది; అందుకే చీకటి పడకముందు వెళ్ళమన్నాను. పార్క్ స్ట్రీట్‌లోని ఒలింపియా కూడా ఇదే తరగతికి చెందినది, ఓలీ పబ్ అంటే ఆటోవాడికి సైతం తెలుస్తుంది. ధర్మతల్లాలోని షా బారు, అందరూ ఛోటా బ్రిస్టల్ అనేది, ఇంకా పాతది, 1872 నాటిది. అక్కడ ప్రతి పెగ్గుకూ అప్పటికప్పుడే డబ్బు ఇవ్వాలి, రద్దీ ఎక్కువ, శబ్దం ఎక్కువ. మీరు ఒక్కరే వెళ్తే చూడమనేవాణ్ణి, ఇద్దరు వెళ్తున్నారు కాబట్టి వదిలేయండి.

మూడవ సాయంత్రానికి హోటల్ బారు అన్నాను. 1840ల ఆరంభంలో మొదలైన గ్రేట్ ఈస్టర్న్, ఇప్పుడు లలిత్ గ్రేట్ ఈస్టర్న్, నా మొదటి ఎంపిక. పెద్ద హోటళ్ళలో తరచు మరమ్మతులు జరుగుతుంటాయి. ఏ బారు తెరిచి ఉందో ఆ ఉదయమే ఫోను చేసి కనుక్కోండి. హోటల్ బారును సూచించడానికి కారణం ఉంది. అక్కడ వృత్తివిద్య చదివిన మనిషి కౌంటరు వెనుక ఉండే అవకాశం ఎక్కువ, వారం మధ్యలో వెళ్తే అతనికి మీతో మాట్లాడే తీరిక కూడా ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

మొదట ఐసు చూడండి. కాక్‌టెయిల్‌లో ఐసు చల్లబరిచే వస్తువు మాత్రమే కాదు, అది పానీయంలో ఒక దినుసు. గ్లాసులో తిప్పి వడగట్టిన ఒక మార్టినీలో ఇంచుమించు నాలుగో వంతు ఐసు కరిగి చేరిన నీరే ఉంటుంది. ఆ నీరు తక్కువైతే గొంతు మండుతుంది, ఎక్కువైతే రుచి పలచబడుతుంది. చిన్నచిన్న బోలు ముక్కలు, యంత్రం నుంచి రాలిపడి అప్పటికే తడిసి ఉన్నవి, నిమిషంలో కరిగి నీరవుతాయి. పెద్ద గట్టి ముక్కకు దాని బరువుతో పోల్చితే పైతలం తక్కువ కనుక మెల్లగా కరుగుతుంది. గాజులా తేటగా ఉన్న ఐసు కనిపిస్తే ఆ బారు శ్రమ పడుతోందని అర్థం: నీటిని అన్నివైపులా ఒకేసారి కాకుండా ఒక వైపు నుంచే గడ్డకట్టిస్తే గాలిబుడగలు మరోవైపుకు నెట్టుకుపోతాయి, ఆ మబ్బు భాగాన్ని కోసి పారేసి మిగిలిన తేట భాగాన్ని వాడతారు. దీనికి ఒక రోజు పడుతుంది, ఫ్రీజరులో చోటు కావాలి, రంపంతో కోసే మనిషి కావాలి. ఇవన్నీ చేసే యజమాని మిగతావాటిలోనూ కక్కుర్తి పడడు. ఐసు మబ్బుగా ఉన్నంత మాత్రాన బారు చెడ్డదని అనను. కానీ అది పొడిగా, గట్టిగా ఉండాలి. ఐసు ఎలా ఉందో మీరు ఇంట్లో కూర్చునే చూడవచ్చును: కస్టమర్లు పెట్టిన చిత్రాలలో గ్లాసును పెద్దది చేసి చూడండి. బారు వాళ్ళు స్వయంగా పెట్టిన చిత్రాలను లెక్కలోకి తీసుకోకండి.

రెండవది, వెర్మూత్ సీసా ఎక్కడ ఉంది? మార్టినీ, మాన్‌హాటన్, నెగ్రోని, పాతకాలపు పానీయాలలో సగం వెర్మూత్ మీదే ఆధారపడతాయి. వెర్మూత్ మూలికలు నానబెట్టిన ద్రాక్షసారా. విస్కీలాగా మూత తీసి ఏళ్ళ తరబడి ఉంచదగినది కాదు. మూత తీశాక ఫ్రిజ్‌లో పెట్టాలి, నెల రెండు నెలల్లో వాడేయాలి, లేకపోతే గాలి తగిలి పులిసిన వాసన వస్తుంది. నేను నేర్చుకుంటున్న రోజులలో నాకు ఇది ఎవరూ చెప్పలేదు. నేను మొదట పనిచేసిన హోటలులో ఆ సీసా దీపం కింద, వేడిలో, అందంగా అరలో నిలబెట్టి ఉండేది. ఒక రాత్రి ఒక పెద్దాయన నా మార్టినీని ఒక్క గుక్క తాగి, కోప్పడకుండా, ఆ సీసాను అడిగి తీసుకుని మూత తెరిచి నా ముక్కు దగ్గర పెట్టారు. అప్పటిదాకా నేను వంద మందికైనా పాడైన పానీయం ఇచ్చి ఉంటాను. మరునాటి నుంచి మూత తీసిన తేదీని సీసా మీద కాగితం అతికించి రాయడం మొదలుపెట్టాను, పదవీ విరమణ చేసేదాకా మానలేదు. మీరు బార్‌మన్‌ను మర్యాదగా ఒక్క ప్రశ్న అడగండి, ‘వెర్మూత్ ఫ్రిజ్‌లో ఉంచుతారా?’ అని. తెలిసినవాడి ముఖం వెలుగుతుంది.

మూడవది నిమ్మరసం. ఆ రోజు పిండినదై ఉండాలి, ఇది అందరూ చెప్పేదే. అయితే దీనికి ఒక మినహాయింపు ఉంది. గిమ్లెట్ అనే పానీయాన్ని పాతకాలంలో పచ్చి నిమ్మరసంతో చేసేవారు కాదు. 1867లో లాక్లన్ రోజ్ అనే ఆయన పేటెంటు పొందిన తీపి నిమ్మ పాకంతో చేసేవారు. ఎవరైనా గిమ్లెట్‌కు సీసాలోని పాకం వాడితే అది మోసం కాదు, సంప్రదాయమే.

గ్లాసు పరిమాణం కూడా చాలా చెబుతుంది. 1930ల నాటి కాక్‌టెయిల్ గ్లాసు చిన్నది, 100, 120 మిల్లీలీటర్లకు మించి పట్టేది కాదు. చల్లదనం పోకముందే పూర్తి చేయాలన్నది దాని ఉద్దేశం. పాతకాలపు బారునని చెప్పుకుంటూ అరచేయి వెడల్పు ఉన్న గిన్నెలాంటి గ్లాసులో పోసి ఇచ్చే చోట, సగానికి వచ్చేసరికి పానీయం వెచ్చబడి ఉంటుంది.

ఇక తిప్పడం, కుదపడం. రసమో, పాలో, గుడ్డుసొనో కలిసిన పానీయాన్ని షేకరులో కుదుపుతారు, అవి కలవడానికి గాలి అవసరం కనుక. అచ్చంగా మద్యాలే కలిసిన పానీయాన్ని పొడవాటి చెంచాతో తిప్పుతారు, తేటగా, నునుపుగా ఉండడానికి. ఈ తేడాను పాటించని చోట మిగతావి చూడనవసరం లేదు. కొలత గ్లాసు వాడకుండా సీసాను ఎత్తి పోసేవారిని చూసి చాలామంది ముచ్చటపడతారు. అంత అనుభవం ఉన్నవాళ్ళు చాలా కొద్దిమంది, వాళ్ళు కూడా తీరిక ఉంటే కొలుస్తారు.

కిందటేడు మా వీధి కుర్రవాడొకడు ఒక పెద్ద నగరంలో రహస్యపు తలుపు ఉన్న బారుకు వెళ్ళివచ్చి నాకు ఫోటోలు చూపించాడు. టెలిఫోను పెట్టెలోంచి లోపలికి వెళ్ళాలట, లోపల తోలు సోఫాలు, పాత పోస్టర్లు. ఓల్డ్ ఫ్యాషన్డ్ అడిగితే విస్కీలో సోడా పోసి, సీసాలోని ఎర్ర చెర్రీ వేసి, అంచుదాకా ఐసు చూర నింపి ఇచ్చారు. పాట ఎంత గట్టిగా ఉందంటే పక్కన కూర్చున్న స్నేహితుడితో సైగలతో మాట్లాడాడట. బిల్లు రెండు వేలు దాటింది. వాడు బాధపడలేదు, అక్కడ పాత తరహా అంటే అంతే కాబోలు అనుకున్నాడు. నాకు బాధ కలిగింది ఆ మాటకే. అందుకే మీ ప్రశ్నకు ఇంత పొడుగున రాస్తున్నాను.

వెదకడం ఎలాగంటారా, ‘వింటేజ్ బార్’, ‘స్పీకీజీ’ అనే మాటలతో వెదకకండి. అవి ప్రకటనలకు వాడే మాటలు. మ్యాపులో నగరం పేరుతో పాటు ఒక పానీయం పేరు, నెగ్రోని, డైకిరీ, సాజెరాక్ వంటిది, పెట్టి కస్టమర్ల అభిప్రాయాలలో వెదకండి. ఎవరైనా ఆ పానీయం గురించి రెండు వాక్యాలు ప్రత్యేకంగా రాశారంటే, ఇంకెవరైనా బార్‌మన్ పేరును ప్రస్తావించారంటే, ఆ చోటును గుర్తుపెట్టుకోండి. తరువాత మెనూ చూడండి. అరవై పానీయాల మెనూ కంటే పదిహేను పానీయాల మెనూ నమ్మదగినది, ఎందుకంటే అరవై పానీయాలకు కావలసిన దినుసులన్నీ తాజాగా ఉంచడం ఏ బారుకూ సాధ్యం కాదు. 2016 నుంచి ఏటా వెలువడుతున్న ఆసియా ఉత్తమ యాభై బార్ల జాబితా, మన దేశపు ముప్పై ఉత్తమ బార్ల జాబితా ఉన్నాయి. వాటిని మొదటి వడపోతగా వాడుకోవచ్చును. కానీ జాబితాకెక్కిన బారు శనివారం రాత్రి కిక్కిరిసి ఉంటుంది. మీరు కోరుకున్న ప్రశాంతత కావాలంటే మంగళ, బుధవారాలలో, తలుపులు తెరిచిన మొదటి గంటలో వెళ్ళి, బల్ల దగ్గర కాకుండా కౌంటరు దగ్గర కూర్చోండి. అప్పుడు బార్‌మన్ చేతులు మీకు కనిపిస్తాయి.

అన్నిటికంటే మంచి మార్గం ఒకటుంది. ఒక మంచి బారులో కూర్చుని, పనివేళ ముగిశాక మీరు ఎక్కడికి వెళ్తారు అని బార్‌మన్‌ను అడగండి. ఈ వృత్తిలోవారు ఒకరి పనితనాన్ని మరొకరు ఎరుగుదురు. అటువంటి జవాబు నన్ను ఎప్పుడూ నిరాశపరచలేదు.

మొదటి పానీయంగా ఓల్డ్ ఫ్యాషన్డ్ కానీ డైకిరీ కానీ అడగండి. వాటిలో మూడు నాలుగు దినుసులకు మించి ఉండవు, తప్పు దాచుకోవడానికి చోటుండదు. అది బాగుంటే రెండవదానికి ఎంపికను అతనికే వదిలేయండి.

ఇక్కడ ఒక పానీయం గురించి ప్రత్యేకంగా చెప్పాలి, గంజాం జిల్లావారు తప్పక అడగవలసినది అని నా నమ్మకం. రంగూన్‌లోని పెగూ క్లబ్బు అనే ఇంగ్లీషువారి క్లబ్బులో పుట్టి, దాని పేరే పెట్టుకున్న కాక్‌టెయిల్ అది: జిన్, నారింజ తొక్కల మద్యమైన క్యూరసావ్, నిమ్మరసం, రెండు చుక్కల బిట్టర్స్. మన ముత్తాతలు గోపాల్‌పూర్ రేవులో ఓడ ఎక్కి రంగం, అంటే ఆ రంగూన్, వెళ్ళి రేవుల్లో, బియ్యపు మిల్లుల్లో చెమటోడ్చిన కాలంలోనే ఆ క్లబ్బు వరండాలో తెల్లదొరలు ఆ పానీయం తాగేవారు. ఆ క్లబ్బులోకి మనవారికి సభ్యులుగా ప్రవేశం లేదు. ఒకసారి పర్లాకిమిడి నుంచి వచ్చిన ఒక రిటైర్డు ఉపాధ్యాయుడు నా కౌంటరు దగ్గర కూర్చుని, నా యాస విని తెలుగులో పలకరించి, మాటల్లో తన తండ్రి రంగంలో పనిచేసిన సంగతి చెప్పారు. నేను ఆయనకు పెగూ క్లబ్ చేసి ఇచ్చి, దాని పుట్టుక చెప్పాను. ఆయన గ్లాసును చాలాసేపు చేతిలో పట్టుకుని, ‘మా నాన్న ఆ గేటు బయట నిలబడి ఉంటాడు’ అన్నారు. తరువాత మెల్లగా, ఏమీ మిగల్చకుండా తాగారు. ఆ తరువాత మా జిల్లావారెవరు వచ్చినా ఆ పానీయం గురించి చెప్పకుండా ఉండలేదు. మంచి పాత తరహా బారులో దీన్ని మెనూలో లేకపోయినా చేసి ఇస్తారు. ఇది బార్‌మన్‌కు కూడా ఒక పరీక్ష.

పంచ్ గురించి కూడా ఒక మాట, ఎందుకంటే కొత్త పాత తరహా బార్లలో దానికి మళ్ళీ ఆదరణ వస్తోంది. సారా, చక్కెర, నిమ్మ, నీరు, మసాలా అనే ఐదు దినుసుల వల్ల ‘పంచ’ నుంచి ఆ పేరు వచ్చిందని ఎక్కువమంది నమ్మిక. ఆ మాట మొదటగా కనిపించేది 1632లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ఒకడు పేటపోలిలో, అంటే నేటి మన నిజాంపట్నంలో, ఉన్న వర్తకుడికి రాసిన ఉత్తరంలో. తెలుగు తీరానికి అంత పాత సంబంధమున్న పానీయాన్ని పెద్ద గిన్నెలో పంచి ఇచ్చే బారు దొరికితే వదలకండి.

ఇతర నగరాల గురించి మీరు అడగలేదు కనుక క్లుప్తంగా చెబుతాను. ముంబైలో తాజ్‌మహల్ ప్యాలెస్ హోటల్‌లోని హార్బర్ బార్ 1933లో తెరిచినది, సముద్రం కనిపిస్తుంది. ఢిల్లీ వసంత్ విహార్‌లోని పీసీఓకు తలుపు దగ్గర సంకేతపదం కావాలి. బెంగళూరు లీలా ప్యాలెస్‌లోని జెడ్‌ఎల్‌బీ 23కి హోటల్ వంటగది వైపునుంచి దారి. వెళ్ళేముందు మూడింటికీ బుకింగ్ తప్పనిసరి అనుకోండి.

మీ భార్య విషయం. మద్యం లేని పానీయం అడిగితే రంగు పాకాల తీపి నీళ్ళు తెచ్చిపెట్టే రోజులు ఇంకా పూర్తిగా పోలేదు. అందువల్ల ‘మాక్‌టెయిల్’ అని అడగవద్దని చెప్పండి. తాజా నిమ్మ, అల్లం, కొంచెం ఉప్పు, సోడా, తీపి తక్కువగా, మీకు ఇచ్చిన గ్లాసులాంటి గ్లాసులోనే చేసి ఇవ్వమని అడగమనండి. శ్రద్ధగల బార్‌మన్ దానికి కూడా అంతే ఐసు, అంతే కొలత వాడతాడు. నిజానికి ఒక బారు విలువను ఆ గ్లాసును చూసే నేను తేల్చుకుంటాను. మద్యం తాగని అతిథిని బరువుగా చూసే చోటు నుంచి లేచి వచ్చేయండి.

కొన్ని జాగ్రత్తలు. పశ్చిమ బెంగాల్‌లో మద్యం తాగడానికి కనీస వయసు 21. చిన్నవాళ్ళుగా కనిపిస్తే గుర్తింపు కార్డు అడుగుతారు. పోలింగు ముగిసే ముందు 48 గంటలు, మరికొన్ని నిర్ణీత దినాలలో అమ్మకం ఉండదు, ప్రయాణం తేదీలు చూసుకోండి. మెనూలోని ధర మీద పన్నులు అదనంగా పడతాయి కనుక ముందే అడగండి. సర్వీస్ ఛార్జిని తప్పనిసరిగా వసూలు చేయరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. సేవ నచ్చితే వెయిటర్ చేతికే ఇవ్వండి. ఒక కాక్‌టెయిల్‌లో సాధారణంగా 60 మిల్లీలీటర్ల మద్యం ఉంటుంది, అంటే ఒక పెద్ద పెగ్గు. తియ్యగా, చల్లగా దిగిపోతుంది కాబట్టి లెక్క తప్పడం సులువు. నా కౌంటరు దగ్గర కొత్తవారికి రెండు ఇచ్చాక మూడవది అడిగితే ముందు ఒక గ్లాసు మంచినీళ్ళు, తినడానికి ఏదైనా పెట్టేవాణ్ణి. మీరూ రెండు దగ్గర ఆగండి. తిరిగి హోటలుకు టాక్సీలోనే వెళ్ళండి. బట్టల విషయంలో చెప్పులు, పొట్టి ప్యాంట్లు వద్దు. బూట్లు, చొక్కా ఉంటే చాలు, చీర ఎక్కడైనా గౌరవమే.

మీ రైలు టిక్కెట్లు ఖరారయ్యాక వారంలో ఏ రోజులు అక్కడ ఉంటారో ఇక్కడే రాయండి. ఏ సాయంత్రం దేనితో మొదలుపెట్టాలో వరుస చెబుతాను, అప్పటికి ఏవి తెరిచి ఉన్నాయో అక్కడ ఇంకా పనిచేస్తున్న నా పాత సహచరులను అడిగి కనుక్కుంటాను.